లక్ష్మీరాజం సేటు చెవులు

సిరిసిల్ల లక్ష్మీరాజం సేటుకు రెండు లారీలుండె. రెండిటిదీ ఒక్కటే కంపెనీ, ఒక్కటే దినం కొన్నడు, రంగు గూడ ఒక్కటే. ముంగట కట్టిన నిమ్మకాయలు గూడ ఒక్క చెట్టువే కావచ్చు. గిన్ని ఒక్కతీరుగున్నంక సప్పుడు గూడ ఒక్కతీరుగనే రావాలెనని ఆయన పట్టు. రాకుంటే బండిల ఏదో మోసం జరుగుతున్నట్టు. మోసం జరిగితే డ్రైవరు దొంగ అన్నట్టు. గింత సక్కటి న్యాయం ఏ కోర్టుల గూడ దొరకదు. గా దొంగ ఎవలనుకున్నరు, మా ఆయన సురేశే.

నా పేరు కృపారాణి, మాది రుద్రంగి. నేను బీడీలు చేస్త, మా ఆయన లారీ నడుపుతడు. మాకు జానెడు భూమి లేదు. మా అత్త దుర్గవ్వకు లేదు, ఆమె అత్తకు గూడ లేకుండె. మాకున్న ఆస్తల్ల మా ఆయన చేతుల స్టీరింగు, ఆ స్టీరింగు మీద ఆయన సంపాయించుకున్న మంచిపేరు. లారీ లైన్ల దొంగ బద్నాం ఒక్కసారి వడితే, జగిత్యాల నుంచి సిరిసిల్ల దాక ఏ ఓనరు తాళం చేతికియ్యడు. పొలంల కూలికి పోదామంటే మా ఆయనకు వంగుడే రాదు. గందుకే గీ ముచ్చట నాకు నవ్వులాట గాదు, మా ఇంట్ల పొయ్యి వెలుగుడో ఆరుడో గా సప్పుడు మీదనే ఉండె.

సేటుకు గీ చెవుల పిచ్చి లారీలతోని రాలే, సాంచెలతోని వచ్చింది. సాంచెలంటే సిరిసిల్లల కరెంటు మగ్గాలు. ఆయన ఇల్లు మీద, షెడ్డు కింద. పొద్దుందాక మీద కుర్చీల కూసొని కింది సాంచెల సప్పుడు ఇనుడే ఆయన కొలువు. ఉన్నట్టుండి "మూలకున్న సాంచె సప్పుడు మారింది, నడిపేటోడు ఏదో ఖరాబ్ చేసిండు" అని ఒక్క కేకేస్తడు. ఇగ ఆ మనిషి కూలిల కోత వడ్తది. ఒక్క కార్ఖానాల పుట్టిన సాంచెలన్ని ఒక్కతీరుగ మొత్తుకోవాలె, ఏదన్న ఏరే తీరుగ మొత్తుకున్నదంటే గది మనిషి తప్పు. గిదీ ఆయన తండ్రి కాన్నుంచి వస్తున్న కానూను. కిందికి దిగి సూసింది లేదు, నట్టు ఊడిందా పట్టా సాగిందా అని అడిగింది లేదు. లక్ష్మీరాజం సేటువి పాము చెవులని ఊరంత చెప్పుకునేటోళ్ళు. గా పేరు ఎవలు వెట్టిన్రో తెల్వదు. నాకైతే ఆయనే వెట్టుకున్నడని అనుమానం.

గప్పుడు సకల జనుల సమ్మె మొదలైంది. బొగ్గు బాయిలల్ల పని బందైంది, బొగ్గు లేక కరెంటు పోయింది, కరెంటు లేక సాంచెలు ఆగినయి. బస్సులు డిపోలకెల్లి కదులలే. బడులకు తాళాలు వడ్డయి. ఎప్పుడు ధడధడలాడే సిరిసిల్ల నోరు మూసుకున్నది. జనమంత తెలంగాణ కోసమని రోడ్ల మీదికొస్తే, సేటుకు మటుకు ఇనెతందుకు ఏం లేకుండ అయింది. ఇగ ఆయన చెవులు లారీల మీద వడ్డయి.

లారీలు సేటు ఇంటి ముంగట నిలవడి ఉండె. ఊకె నిలవెడితే బ్యాటరీలు దిగుతయని పొద్దుగాల కొద్దిసేపు రెండు ఇంజన్లు స్టార్ట్ చేసి వెడుతుండిరి. ఒకటి మా ఆయన నడిపేది. ఇంకోటి నడిపేటోడు చందు, సేటుకు అక్క కొడుకు. చందు బండి మెత్తగ గుర్రుమంటది, కడుపునిండ తిన్నోడు గురకవెట్టినట్టు. మా ఆయన బండి టకటకమని గట్టిగ మాట్లాడుతది. ఫరకున్న మాట నిజమే, అబద్ధమెందుకు చెప్పాలె. చందు పొద్దుగాల్నే సేటు పక్కకు చేరి "ఇన్నవా మామా, గా కటకట ఇన్నవా" అని జోరీగ లెక్క మొదలువెట్టిండు. వాని బామ్మర్ది ఒకడు లారీ నేర్చుకొని ఖాళీగ తిరుగుతుండె. వాణ్ణి మా ఆయన సీట్ల కూసోవెట్టాల్నని చందు ఆశ. గా సంగతి వాడకట్టు మొత్తానికి ఎర్కే, ఒక్క సేటుకు తప్ప.

డీజిల్ల కిరోసిన్ కలిపితే ఇంజన్ కటకటమంటదన్నది నిజం. లారీల గురించి సేటుకు తెల్సిన ముచ్చట గదొక్కటే. ఒక్కటే తెలుసు గనుక ఆయనకు ప్రతి కటకటా కిరోసినే. సురేశ్ డీజిల్ అమ్ముకొని, రేషన్ కిరోసిన్ కలిపి బండిని కూనీ చేస్తుండని తేల్చిండు. "సమ్మె అయ్యేలోపట గీ బండి గా బండి లెక్క సప్పుడు చెయ్యాలె. లేకుంటే తాళం వెట్టి పో" అన్నడు.

గీ ముచ్చట మా ఆయన నాకు చెప్పిండా అంటే చెప్పలే. ఆయనకు నోరుంటే గద. నాకు ఎట్ల తెలిసిందంటే, బీడీల ఆకు కోసం కార్ఖానాకు పోతే సరిత అనేటామె తంబాకు జోకించుకుంటనే "మీ ఆయన కిరోసిన్ కలుపుతడట గదనే" అన్నది. వాన వడ్డదా అని అడిగినట్టు అడిగింది. అందరి మొకాలు నా దిక్కు తిరిగినయి. నాకు సిగ్గుతోని ఒళ్ళంత మండింది. ఆకు తీసుకోకుండనే ఇంటికొచ్చిన.

"దొంగతనం చేసినవా" అని అడిగిన.

"థూ, నీకు గూడ అనుమానమే" అన్నడు.

"మరి సేటుకు ఎందుకు చెప్పకపోయినవ్?"

"చెప్పిన. ఇనలే."

"ఎట్ల చెప్పినవ్?"

"మెల్లగ చెప్పిన."

గిదీ మా ఆయన. బండి గుట్టెక్కేటప్పుడు గేరు మీద గేరేసి గర్జిస్తడు గానీ, మనిషి ముంగట నిలవడితే గొంతు న్యూట్రల్ల వడ్తది. నేనే తెల్లారి సేటు ఇంటికి పోయిన. మమ్మల్ని గేటు దాటి లోపటికి రానియ్యరు గద, గేటు కాడనే నిలవడ్డ. సేటు అరుగు మీద కూసున్నడు. ఉన్నదున్నట్టు మొత్తం చెప్పిన. ఆయన నా దిక్కు సూడలే, కాకుల దిక్కు సూసిండు. అంత అయినంక "ఆఁ, మంచిది మంచిది" అన్నడు. నా మొగడు దొంగ కాదు సేటు అని నేను మొత్తుకుంటే మంచిది మంచిదట. పైసలున్నోళ్ళ పొగరు గిట్లుంటదనుకొని, గేటు ధడాలున ఏసి వచ్చిన.

బస్సులు లేకపాయె, మా ఆయన దోస్తు మోటరుసైకిల్ అడుక్కొని ఇద్దరం కోరుట్లకు పోయినం. ఆడ నర్సింగం అని మేస్త్రి. సేటు లారీలు రెండు ఆయన చేతిలకెల్లే పోతయి. నర్సింగం గడ్డం గోకుకుంట మొత్తం ఇన్నడు, ఇని నవ్విండు.

"ఒక్క కంపెనీ అయితే ఒక్క సప్పుడు రావాల్నని ఎవలన్నరు?" అన్నడు. "మీ బండి సైలెన్సర్ తుప్పువట్టి పోతే, కంపెనీది పిరమని, పైసలు మిగులుతయని సేటే గద పాత రేకుతోని చుట్టిచ్చింది. కంపెనీ సైలెన్సర్ల అరలు అరలు ఉంటయి. సప్పుడు అండ్ల తిరిగి తిరిగి మెత్తవడి బయటికొస్తది. నేను చుట్టిన దాంట్ల ఏమున్నది, ఉత్త బోలు. ఇగ సప్పుడు ఉన్నది ఉన్నట్టే వచ్చి మీద వడ్తది."

"గంతేనా?" అని నేనడిగిన.

"గంతే ఎందుకైతది. ఇంజన్ కింద రబ్బర్లుంటయి. సారంగాపూర్ దిక్కు మక్కల లోడుకు గుంతలల్ల తిరిగి తిరిగి మీ బండి రబ్బర్లు అరిగినయి, గందుకే సప్పుడు క్యాబినంత పాకుతది. చందు బండి ఎప్పుడన్న తారురోడ్డు దిగిందా? బట్టల మూటలు, అండ్ల బరువెంత? ఇగ డీజిల్ పంపు. అది ఎంటికె మందం ముంగటికుంటే ఇంజన్ టకటకమంటది, ఎంటికె మందం ఎనుకకుంటే మెత్తగ గుర్రుమంటది. మీది ముంగటికున్నది. గందుకే లోడుతోని గుట్టెక్కుతది. మెత్తగున్న బండి మంచిదని సేటు అనుకుంటుండు గానీ, దాని పొగ సూడుర్రి ఒక్కసారి. రెండిట్ల డీజిల్ ఎక్కువ తాగేది గదే."

నాకు తేటగ అర్థమైంది. మా బీడీలు గూడ గట్లనే గద. ఒక్కటే ఆకు, ఒక్కటే తంబాకు, నలుగురం ఒక్క చాప మీద కూసొని చేస్తం. అయినా ఎవల కట్ట వాళ్ళదే, బీడీలు ఏరి సూసే సెకర్‌కు దూరంకెల్లే ఎర్కైతది. అందరి బీడీలు ఒక్కతీరుగ లేవు గనుక ఒకామె దొంగ అంటే ఎట్లుంటది. గంతపాటి ముచ్చట అర్థం గాకనే సేటు అయిండు ఆయన.

"గిదే మాట సేటుకు చెప్పు అన్నా" అని నర్సింగం చేతులు వట్టుకున్నంత పని చేసిన.

"చెప్త, ఎందుకు చెప్ప. నాకేం భయమా" అన్నడు.

గా ఆదివారం సిరిసిల్లల వంటావార్పు వెట్టిన్రు. రోడ్డు మీదనే పొయ్యిలు, రోడ్డు మీదనే వంట, రోడ్డు మీదనే తిండి, బండ్లు కదులద్దు. సేటు గప్పుడే పెద్ద ఉద్యమకారుడైండు. బియ్యం ఆయనవి, ఫ్లెక్సీ ఆయనది, ఫ్లెక్సీల బొమ్మ గూడ ఆయనదే. తెలంగాణ తల్లి బొమ్మ ఓ మూలకు చిన్నగున్నది. రోడ్డుకు అడ్డంగ ఆయన లారీలు రెండు పక్కపక్కకే నిలవెట్టిచ్చిండు, మైకు తీగలు లారీ బ్యాటరీకి తగిలిచ్చిన్రు. సాంచెలు నడిపేటోళ్ళు, నూలు కండెలు చుట్టే ఆడోళ్ళు, వాడకట్టు వాడకట్టంత వచ్చిన్రు. మేము రుద్రంగి నుంచి ట్రాక్టర్ల పోయినం. చందుర్తి కాడ ఇంకిన్ని మంది ఎక్కిన్రు. నేను పప్పు పొయ్యి కాడ కూసున్న.

నర్సింగం గూడ వచ్చిండు. లారీలు సూసి చెప్పుమని సేటే పిలిపిచ్చిండట. నాకు జెర ధైర్యమైంది.

సేటు బల్ల ఎక్కి మైకు వట్టుకున్నడు. మన బొగ్గు దోసుకపోయిన్రు, మన నీళ్ళు దోసుకపోయిన్రు అన్నడు. అందరు చప్పట్లు కొట్టిన్రు, నేను గూడ కొట్టిన, నిజమే గద. ఆయన గంతట ఆగితే బాగుండు. "దొంగలు బయటనే ఉండరు, ఇంట్ల గూడ ఉంటరు. మన ఉప్పు తినుకుంట మన డీజిల్ దోసేటోళ్ళున్నరు. అగో నా డ్రైవర్ సురేశ్, ఆడ నిలవడ్డడు సూడుర్రి" అన్నడు. ఏలువెట్టి సూపిచ్చిండు. మైకుల అన్నడు. తెలంగాణ పేరు మీద నిలవడి అన్నడు.

మా ఆయన చేతుల బకెట్ ఉండె. గట్లనే వట్టుకొని నిలవడ్డడు, మొకం నల్లగైంది. ఆయనతోని లారీ ఓనర్లు ఇద్దరు ముచ్చట వెడుతుండిరి, మెల్లగ పక్కకు జరిగిన్రు.

"నమ్మకుంటే మేస్త్రిని అడుగుర్రి. ఏం నర్సింగం, నేనన్నది తప్పా?" అని సేటు మైకులనే అడిగిండు.

నర్సింగం ఇటు సూసిండు, అటు సూసిండు. నన్ను సూసిండు. సేటును సూసిండు. "మీ చెవి తప్పుతదా సేటు. సప్పుడైతే ఫరకున్నది" అన్నడు. కోరుట్లల మాకు చదివిన పురాణమంత గీ ఒక్క ముక్కల మింగేసిండు. ఇంజన్ లోపట ఎంటికె మందం ఫరకు కనిపెట్టే మనిషికి ఎన్నుపూస మటుకు ఎంటికె మందం గూడ లేకపాయె.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గంటె పప్పులనే ఇడిసిపెట్టి లేసిన. ఏం మాట్లాడాల్నో అనుకోలే, నోటికొచ్చింది మాట్లాడిన.

"సేటూ, నీ చెవి మీద నీకు గంత నమ్మకం ఉన్నది గద. మరి గా షట్టర్ దిక్కు మొకం వెట్టి నిలవడు. రెండు బండ్లు ఒకటెనుక ఒకటి స్టార్ట్ చేపిస్త. ఏది దొంగబండో ఎన్కకు తిరగకుండ చెప్పు. నువ్వు సక్కగ చెప్తే మేమే తాళం నీ కాళ్ళ కాడ వెడ్తం. కిరోసిన్ కలిపినమని గీ మైకులనే ఒప్పుకుంటం."

మా ఆయన బకెట్ కింద వెట్టి ఉరికొచ్చిండు. నా చెయ్యి గుంజి చెవుల "నీకు పిచ్చి లేసిందానే. గా రెండిట్ల ఫరకు పసిపోరలకు గూడ ఎర్కైతది. ఆయన టక్కున చెప్తడు, నా బతుకు రోడ్డు మీద వడ్తది" అన్నడు. గప్పుడు నాకు తెలివొచ్చింది. నిజమే, సప్పుడు ఒక్కటే కాదని కోరుట్లల నేనే ఇని వచ్చిన గద. ఎవలన్న ఓడిపోయే పందెం వాళ్ళే కాస్తరా. గానీ మాట నోరు దాటింది. జనమంత సుట్టు మూగిన్రు. వెనక్కి తీసుకుంటే దొంగలమని ఒప్పుకున్నట్టే.

చందు పోయి చెవుల ఏదో చెప్పంగనే సేటు నవ్విండు. "నిలవడ్త, నిలవడ్త. పాపం ఆడిది అడిగింది" అని బల్ల దిగిండు. ఆయనకు అంతకంటే మంచి పండుగ ఏమున్నది. మూసిన దుకాణం షట్టర్ దిక్కు మొకం వెట్టి, చేతులు ఎన్కకు కట్టి, పాట కచేరీకొచ్చిన దొర లెక్క నిలవడ్డడు.

చందును నా పక్కకు నిలవెట్టుకున్న. నర్సింగాన్ని లారీల దిక్కు పొమ్మన్న. గంత మందిల సూపుడు ఏలుతోని ముందు చందు బండి సూపిచ్చిన. నర్సింగం ఎక్కి స్టార్ట్ చేసిండు. గుర్రుగుర్రుమని మెత్తగ మొదలైంది. సాంచెలు లేవు, బస్సులు లేవు, ఊరంత సప్పుడు లేకుండ ఉండె, ఆ సప్పుడు అందరికీ మంచిగ ఇనవడ్తున్నది.

పక్కకెల్లి చందు దగ్గుడు మొదలువెట్టిండు. ఖళ్ళుఖళ్ళుమని ఒక్కతీరుగ దగ్గుతుండు.

"ఏం తమ్మీ, క్షయనా" అని అడిగిన. దగ్గు ఆపలే, ఇంకింత ఎక్కువ చేసిండు. మామకు సైగ వంపుతుండని పొయ్యి కాడి ముసలోళ్ళకు గూడ తెలిసింది. సేటు మటుకు ఎన్కకు తిరగలే. తల ఓ పక్కకు వంచిండు, కండ్లు మూసుకున్నడు కావచ్చు. ఇగ చెప్తడు, ఇది కాదు అంటడు, మా పని ఖతం అనుకున్న. యేసయ్యా అని చెంగు మూతికి అడ్డం వెట్టుకున్న.

"గిదే" అన్నడు సేటు. "గిదే దొంగబండి. గా కటకట ఇనవడ్తలేదా మీకు?"

చందు దగ్గు ఆగిపోయింది.

నేను ఏలు ఇంకో బండి దిక్కు తిప్పిన. నర్సింగం దిగి, మా ఆయన బండి ఎక్కి స్టార్ట్ చేసిండు. టకటకటకమని రేకు సైలెన్సర్ రోడ్డంత మోగింది, పక్క షట్టరు గూడ అదిరింది. సేటు తల ఊపిండు. "ఆఁ. గిది మా చందు బండి. ఎంత మెత్తగున్నదో సూడుర్రి" అన్నడు.

గప్పుడు నవ్వు లేసింది సూడుర్రి. సమ్మె మొదలైన కాన్నుంచి గంత నవ్వు నేను ఇనలే. సేటు గా నవ్వు తనకోసమే అనుకొని తను గూడ నవ్వుకుంట తిరిగిండు. తిరిగి, మా ఆయన బండిలకెల్లి దిగుతున్న నర్సింగాన్ని సూసిండు. నవ్వు సగంల ఆగింది. "పొయ్యిల పొగ చెవులల్ల వోయింది" అన్నడు. పొగ చెవులల్లకు పోతదని గా దినం తెలిసింది నాకు.

నవ్వని మనిషి ఒక్కామె ఉండె. శంకరవ్వ, సేటు షెడ్డుల కండెలు చుడుతది, ఆమె మొగడు అంజయ్య అండ్లనే సాంచె నడుపుతడు. ఆమె జనాన్ని తోసుకుంట ముంగటికొచ్చింది. సాంచెల కింద బతికినోళ్ళకు మెల్లగ మాట్లాడుడు రాదు, గందరికీ ఇనవడేటట్టు అడిగింది.

"సేటూ, మా ఆయన సాంచె సప్పుడు మారిందని పోయిన బతుకమ్మకు కూలి కోసినవ్. మా పిల్లకు పండుగ బట్టలు లేకుండ అయింది. గప్పుడు ఏ చెవితోని ఇన్నవ్?"

సేటు "ఆఁ?" అన్నడు.

"సాంచెల కింద మా అందరి చెవులు పోయినయి" అన్నది శంకరవ్వ. "నీవి మటుకు ఎట్ల మిగిలినయో అనుకున్నం ఇన్నొద్దులు."

ఇగ నవ్వు బందైంది. సాంచెలోళ్ళు ఒక్కొక్కలు సేటు మొకంలకు సూసుడు మొదలువెట్టిన్రు. ఎవల కోత వాళ్ళకు యాదికొస్తున్నదని నాకు అర్థమైంది. గేటు కాడ నేను మొత్తుకుంటే కాకుల దిక్కు సూసి మంచిది మంచిదన్నది పొగరు కాదని గూడ గప్పుడే తెలిసింది. చెవిటోనివైతే చెవిటోన్నని చెప్పుకో, ఎవలొద్దన్నరు. మా అత్త గూడ చెవిటిదే, ఎవల బతుకు మీద తీర్పు చెప్పదు. గీయన ఇనరాని చెవులు వెట్టుకొని ఊరందరి కూలి కోసిండు, చందు ఏది ఊదితే అది ఇన్ననన్నడు.

సేటు సందు సూసుకుంటుండు. మా ఆయన దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యేసిండు. "సరే తియ్ సురేశ్, అయిందేదో అయింది. సమ్మె అయినంక బండి నువ్వే నడుపు. తాళం నీ కాడనే ఉండనియ్" అని పోవట్టిండు.

మా ఆయన ఆ చెయ్యి తీసి పక్కకు వెట్టిండు. నేనైతే మంచిది సేటు అని దండం వెడ్తడనుకున్న. ఆయన అలవాటు గదే.

"తాళం ముచ్చట తర్వాత" అన్నడు మా ఆయన. "నన్ను దొంగ అని గింత మంది ముంగట అన్నవ్. గింత మంది ముంగటనే కాదని చెప్పు."

మెల్లగ అనలే. పెండ్లయిన కాన్నుంచి ఆయన గంత గట్టిగ మాట్లాడంగ నేను ఇనుడు గదే మొదలు. నాకు ఏడుపొచ్చింది, సాఫ్ చెప్తున్న.

సేటు సుట్టు సూసిండు. దారిచ్చేటోడు ఒక్కడు కనవడలే. పక్కకు జరిగిన లారీ ఓనర్లిద్దరు గూడ మల్ల దగ్గరికొచ్చి నిలవడ్డరు. సేటు నేల సూసుకుంట, మీసంల అన్నట్టు, "సురేశ్ దొంగ కాదు" అన్నడు.

"ఇనవడలే" అన్నడు మా ఆయన.

సేటు మల్లొక్కసారి, జెర గట్టిగ అన్నడు.

"మాకు గూడ ఇనవడలే" అన్నది శంకరవ్వ ఎనుకకెల్లి.

అంజయ్య "ఇనవడలే" అన్నడు. ఆయన పక్కనోడు అన్నడు. సాంచెలోళ్ళందరు, కండెలు చుట్టేటోళ్ళందరు, చెవులకు చేతులు అడ్డం వెట్టుకొని ఒక్కొక్కలు ముంగటికొచ్చిన్రు. ఎవలో మైకు తెచ్చి సేటు చేతుల వెట్టిన్రు. నేనైతే మొదటిసారే ఇన్న. అయినా చెవికి చెయ్యి అడ్డం వెట్టుకొని, నాకు గూడ ఇనవడలేదనే చెప్పిన.